72 వేల లీటర్ల ఇండోర్ పూల్‌కి హీటర్ ఎంత కావాలి? మూడు కొటేషన్లు, మూడు లెక్కలు

సి_బ్లాక్_ట్రెజరర్ · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ నల్లగండ్లలో గేటెడ్ కమ్యూనిటీ. క్లబ్‌హౌస్‌లో ఇండోర్ స్విమ్మింగ్ పూల్ ఉంది. దీపావళి దాటిందంటే అందులో ఎవరూ దిగరు, మళ్ళీ శివరాత్రి తర్వాతే. పొద్దున ఆరింటికి థర్మామీటర్ పెడితే 20 డిగ్రీలు చూపిస్తోంది. ఈసారి జనరల్ బాడీలో హీటింగ్ పెట్టించాలని తీర్మానం చేశారు. పని నా నెత్తిన పడింది.

పూల్ 40 అడుగులు × 16.5 అడుగులు, అంటే సుమారు 12 × 5 మీటర్లు. లోతు ఒక చివర మూడడుగులు, ఇంకో చివర అయిదు. నీళ్ళు 72 వేల లీటర్లు. మాకు 29 డిగ్రీలు కావాలి.

ముగ్గురు వచ్చి చూసి వెళ్ళారు. ఒకరు 17 కిలోవాట్ల హీట్ పంపు (గాలిలోని వేడిని లాగి నీళ్ళకిచ్చే మిషన్) చాలన్నారు. రెండో ఆయన 35 కిలోవాట్ల హీట్ పంపు కంటే తగ్గితే పనిచేయదన్నారు. మూడో ఆయన 48 కిలోవాట్ల ఎలక్ట్రిక్ హీటర్ పెట్టించుకోండి, ఒక్క రోజులో వేడెక్కుతుంది అన్నారు. ముగ్గురూ చెప్పిన కారణం ఒకటే, "72 వేల లీటర్లు కదా సార్". లీటర్లు అవే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు? రేపు ఎవరైనా నిలదీస్తే జవాబు చెప్పాల్సింది నేనే కాబట్టి లెక్క అర్థం చేసుకోవాలనుకుంటున్నాను.

కూకట్‌పల్లి_మెకానికల్ · శనివారం రాత్రి 10:05

ఈజీ సార్. ఒక ఘనపు మీటరు నీటిని ఒక డిగ్రీ పెంచాలంటే 1.163 యూనిట్ల (కిలోవాట్-అవర్ల) వేడి కావాలి. మీది 72 ఘనపు మీటర్లు. అంటే డిగ్రీకి దాదాపు 84 యూనిట్లు. 20 నుంచి 29కి తొమ్మిది డిగ్రీలు, మొత్తం సుమారు 754 యూనిట్లు. ఒక్క రోజులో కావాలంటే 31 కిలోవాట్లు, రెండు రోజుల్లో అయితే 16, మూడు రోజులు ఆగగలిగితే పదిన్నర. ఎన్ని గంటల్లో అన్నదే తేడా, ముగ్గురూ కరెక్టే.

ప్లాంట్‌రూమ్ · శనివారం రాత్రి 11:20

బాబూ, గుణకారం బాగానే చేశావు. కానీ ఆ 754 యూనిట్లు సీజన్ మొదట్లో ఒక్కసారి అయ్యే ఖర్చు. రెండో రోజు నుంచి బిల్లు కట్టేది నీళ్ళు పోగొట్టుకునే వేడికి. ఆ వేడి ఎక్కువగా పోయేది పైభాగం నుంచి, ఆవిరి రూపంలో. అందుకే నేను లీటర్లు అడగను, ఉపరితలం అడుగుతాను. 60 చదరపు మీటర్లు. ఇదే పూల్ రెండింతలు లోతు ఉన్నా పైనుంచి రోజూ పోయే వేడి అంతే.

ట్రెజరర్ గారూ, ఇవి చెప్పండి. రాత్రి కవర్ వేస్తారా? హాలు నిజంగా మూసి ఉంటుందా, లేక కప్పు మాత్రమే ఉందా? పూల్ కింద మట్టి ఉందా, ఇంకేదైనా ఉందా? టైమింగ్స్ ఏమిటి?

సి_బ్లాక్_ట్రెజరర్ · ఆదివారం ఉదయం 7:15

కవర్ లేదు. ఒక పక్క మొత్తం స్లైడింగ్ గ్లాసులు, పైన లూవర్లు (గాలి వచ్చే వాలు పలకలు) ఎప్పుడూ తెరిచే ఉంటాయి. పూల్ మొదటి అంతస్తులో ఉంది, కింద కార్ పార్కింగ్. ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 9. నీళ్ళు రోజుకు ఒక అంగుళం దాకా తగ్గుతాయి, ట్యాంకర్ నీళ్ళతో నింపుతాం. అది ఆవిరేనా?

మియాపూర్_ఫెసిలిటీ · ఆదివారం ఉదయం 7:32

అన్నా, అంగుళమా? అది ఆవిరి కాదు, లీకు.

ప్లాంట్‌రూమ్ · ఆదివారం ఉదయం 9:50

మియాపూర్ తమ్ముడు చెప్పింది నిజం, లెక్క చూపిస్తాను. మా వృత్తిలో అందరూ వాడే ఆష్రే (అమెరికాలోని హీటింగ్, ఏసీ ఇంజనీర్ల సంఘం) సూత్రం ఇది:

గంటకు ఆవిరయ్యే నీళ్ళు (కిలోల్లో) = 0.144 × ఉపరితలం × ఆవిరి పీడనాల తేడా × వాడకం గుణకం.

పీడనాల తేడా అంటే నీటి ఉష్ణోగ్రత దగ్గర సంతృప్త ఆవిరి పీడనంలోంచి గాలిలో ఉన్న తేమ పీడనం తీసేయడం, కిలోపాస్కల్స్‌లో. వాడకం గుణకం ఇంటి పూల్‌కి 0.5, అపార్ట్‌మెంట్ పూల్‌కి 0.65, హోటల్‌కి 0.8, జనం కిక్కిరిసే పబ్లిక్ పూల్‌కి 1. ఎవరూ దిగని రాత్రివేళకి 0.5 వేసుకుందాం.

ఇప్పుడు మీ నీళ్ళు 20 డిగ్రీలు. వాటి పీడనం 2.34. గాలి 20 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకుంటే 1.40. తేడా 0.94. గంటకు నాలుగు లీటర్లు. రోజంతా కలిపి వంద లీటర్లు, మట్టం మీద రెండు మిల్లీమీటర్ల లోపు. మీకు పోతున్నది అంగుళం, అంటే 1,500 లీటర్లు. బ్యాక్‌వాష్ (ఫిల్టర్ కడిగి పారబోసే) నీళ్ళు, పిల్లలు చిందించేవి తీసేసినా లెక్క కుదరదు. 29 డిగ్రీలకు వేడి చేసి పార్కింగ్‌లోకి వదిలితే రోజుకు 15 యూనిట్ల వేడి అటే పోతుంది. అంతకంటే ముందు స్లాబులో కమ్మీలు తుప్పు పడతాయి.

మియాపూర్_ఫెసిలిటీ · ఆదివారం ఉదయం 10:10

బకెట్ టెస్ట్ చేయండి అన్నా. బకెట్‌ని పూల్ మెట్టు మీద సగం మునిగేలా పెట్టి, లోపలి నీళ్ళు బయటి మట్టానికి సమానంగా పోయండి. రెండు చోట్లా గీత గీయండి. ఒక రోజంతా ఎవరినీ దిగనీయకండి, ఫిల్టర్ నడవనివ్వండి. బకెట్లో తగ్గింది ఆవిరి. పూల్‌లో అంతకంటే ఎక్కువ తగ్గితే ఆ ఎక్కువే లీకు. ఫిల్టర్ ఆపి ఇంకోసారి చేస్తే లీకు పైపుల్లో ఉందో గోడల్లో ఉందో కూడా కొంత తెలుస్తుంది.

నీళ్ళబొట్టు · ఆదివారం మధ్యాహ్నం 12:30

నాది సూత్రాల డౌటు కాదు. మా అపార్ట్‌మెంట్‌లో బయట ఒక పూల్, లోపల ఒక పూల్ ఉన్నాయి. చలికాలంలో సాయంత్రం దిగితే బయటిదే నయం, లోపలిది ఐసు. ఇండోర్ అంటే వెచ్చగా ఉండాలి కదండీ? బిల్డర్ బ్రోచర్‌లో "ఏడాదంతా ఈత" అని వేశాడు!

ప్లాంట్‌రూమ్ · ఆదివారం మధ్యాహ్నం 1:15

మేడమ్, మంచి ప్రశ్న. యూరప్‌లో కప్పు వేసేది బయటి చలి నుంచి కాపాడటానికి, లోపల గాలిని కూడా వేడి చేస్తారు కాబట్టి. మన హైదరాబాద్‌లో కప్పు చేసే మొదటి పని ఎండని ఆపేయడం. ఇక్కడ చదరపు మీటరుకు రోజుకు దాదాపు 5 యూనిట్ల ఎండ పడుతుంది. 60 చదరపు మీటర్ల బయటి పూల్ అందులో చాలా భాగం తాగేస్తుంది, అంటే రోజుకు రెండు వందల యూనిట్ల పైనే. అదంతా ఉచితం. కప్పు వేశారంటే ఆ ఆదాయం సున్నా, ఆవిరి ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు పూల్ మట్టికుండలాగా ప్రవర్తిస్తుంది. గాలి పొడిగా ఉన్నకొద్దీ నీళ్ళు గాలి కంటే చల్లబడతాయి. ఏప్రిల్‌లో బయట 40 ఉన్నా మీ లోపలి పూల్ చల్లగా అనిపించేది ఇందుకే.

నీళ్ళబొట్టు · ఆదివారం మధ్యాహ్నం 1:22

అంటే కప్పుకి అదనంగా డబ్బులు కట్టి చలి కొనుక్కున్నాం.

కూకట్‌పల్లి_మెకానికల్ · ఆదివారం మధ్యాహ్నం 3:00

సార్, మీ సూత్రంలోనే పరిష్కారం ఉంది కదా. గాలి నీటి కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ ఉండాలి, తేమ 50 నుంచి 60 శాతం ఉండాలి అని ఆష్రేనే చెబుతుంది. హాలు మూసేసి గాలిని 30 డిగ్రీలు, 60 శాతం దగ్గర ఉంచితే పీడనాల తేడా 2.6 నుంచి 1.46కి పడిపోతుంది. ఆవిరి దాదాపు సగం. లూవర్లు మూసేయమనండి, అయిపోతుంది.

ప్లాంట్‌రూమ్ · ఆదివారం సాయంత్రం 5:40

లూవర్లు మూస్తే ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? జనం ఈదుతున్నప్పుడు గంటకు ఎనిమిది లీటర్ల పైగా నీళ్ళు గాలిలో కలుస్తాయి. 30 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గాలి 21 డిగ్రీల ఉపరితలం తగిలితే చెమర్చుతుంది. జనవరి రాత్రి ఇక్కడ 15 డిగ్రీలకు దిగుతుంది. మీ స్లైడింగ్ గ్లాసులు తెల్లవార్లూ కారుతూనే ఉంటాయి. ఆ తేమని బయటికి పంపాలంటే గంటకు ఎనిమిది వందల ఘనపు మీటర్ల దాకా కొత్త గాలి తేవాలి, దాన్ని 15 నుంచి 30కి వేడి చేయాలి. అది ఒక నాలుగు కిలోవాట్లు. ఇక ఒంటి పొర గ్లాసు చదరపు మీటరుకు, డిగ్రీకి 5.7 వాట్లు వదిలేస్తుంది. వంద చదరపు మీటర్ల గ్లాసు ఉంటే ఇంకో ఏడు కిలోవాట్ల పైనే. నీటి దగ్గర మిగిల్చింది అద్దం దగ్గర పోయినట్టే.

ఇన్సులేషన్, డబుల్ గ్లాసు, డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ తీసే మిషన్) ముందే డిజైన్‌లో ఉన్న భవనానికి నువ్వు చెప్పింది అక్షరాలా సరైనది. స్టార్ హోటళ్ళు అలాగే చేస్తాయి. కట్టేసిన క్లబ్‌హౌస్‌కి కాదు.

తేమ బంధించడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. 1985లో స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్‌లో ఒక ఇండోర్ పూల్ మీద వేలాడదీసిన కాంక్రీట్ సీలింగ్ కూలి 12 మంది చనిపోయారు. దాన్ని పట్టుకున్నవి స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలే. పూల్ గాలిలోని క్లోరైడ్లు వాటిని లోలోపల చీల్చాయి. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదు అన్న ధీమా పూల్ హాల్లో పనికిరాదు. ట్రెజరర్ గారూ, మీకు ఫాల్స్ సీలింగ్ ఉంటే హ్యాంగర్లు ఏ లోహమో ఒకసారి పైకెక్కి చూపించండి.

సి_బ్లాక్_ట్రెజరర్ · ఆదివారం రాత్రి 8:30

ఇప్పుడు కొత్త టెన్షన్ పెట్టారు సార్. సీలింగ్ లేదు, షీటు కప్పే. లూవర్లు తెరిచే ఉంచుతాం. మరి మాకు అసలు ఎంత వేడి కావాలి?

ప్లాంట్‌రూమ్ · ఆదివారం రాత్రి 10:45

వేసేద్దాం. నీళ్ళు 29 డిగ్రీల దగ్గర ఉన్నాయి, జనవరి, కవర్ లేదు.

రాత్రి 12 గంటల పాటు: హాల్లో గాలి సగటున 20, తేమ 60 శాతం. పీడనాల తేడా 4.01 − 1.40 = 2.61. గంటకు 11.3 కిలోల ఆవిరి. ఒక కిలో నీళ్ళు ఆవిరైతే గుప్తోష్ణంగా 0.675 యూనిట్లు పట్టుకెళ్తాయి. అంటే 7.6 కిలోవాట్లు. చల్లగాలి తగలడం వల్ల, గోడలకు, కప్పుకు ప్రసరించడం వల్ల ఇంకో నాలుగున్నర. మీ పూల్ అడుగు, గోడలు కలిపి వంద చదరపు మీటర్ల కాంక్రీట్ పార్కింగ్ గాలికి తెరుచుకుని ఉంది కాబట్టి అక్కడ రెండుంపావు. నేలలో తవ్విన పూల్‌కి ఈ చివరిది చాలా తక్కువ. మొత్తం 14 కిలోవాట్ల పైచిలుకు, రాత్రికి దాదాపు 170 యూనిట్లు. హీటర్ ఆపేస్తే తెల్లారేసరికి రెండు డిగ్రీలు పడిపోతుంది.

పగలు 12 గంటల పాటు: గాలి 27, తేమ 45 శాతం, జనం ఉంటారు కాబట్టి గుణకం 0.65. అన్నీ కలిపి 11 కిలోవాట్లు, 130 యూనిట్లు.

రోజుకు 300. బ్యాక్‌వాష్ తర్వాత పోసే కొత్త నీళ్ళకి వెయ్యి లీటర్లకు పది యూనిట్లు, దాన్ని పట్టించుకోకండి.

ఇప్పుడు బబుల్ కవర్ (గాలి బుడగలున్న ప్లాస్టిక్ షీటు) వేయండి. ఆవిరి దాదాపు ఆగిపోతుంది. రాత్రి నష్టం 14 నుంచి 5 కిలోవాట్లకు వస్తుంది. రోజు మొత్తం 190. పది నుంచి నాలుగు దాకా మూసి ఉండే వేళ కూడా కవర్ వేస్తే 145 దగ్గరికి వస్తుంది. సగం బిల్లు ఒక ప్లాస్టిక్ షీటు మిగులుస్తుంది. కాబట్టి 17 చెప్పినాయన కవర్ ఉందనుకుని చెప్పి ఉండొచ్చు, 35 చెప్పినాయన లేదనుకుని చెప్పి ఉండొచ్చు. 48 చెప్పినాయన మాత్రం ఎలక్ట్రిక్ హీటర్ అమ్ముతున్నాడు.

కూకట్‌పల్లి_మెకానికల్ · ఆదివారం రాత్రి 11:10

ఇంకోటి గమనించాను సార్. 17 కిలోవాట్ల మిషన్‌తో, కవర్ లేకుండా మొదటిసారి వేడి చేస్తే చివరి డిగ్రీ దగ్గర రాత్రిపూట మిగులు మూడు కిలోవాట్లే. ఆ లెక్కన ఆ ఒక్క డిగ్రీకే 28 గంటలు. కవర్ వేసి ఉంచితే మొత్తం తొమ్మిది డిగ్రీలూ మూడు రోజుల్లో అయిపోతాయి.

ప్లాంట్‌రూమ్ · ఆదివారం రాత్రి 11:18

శభాష్.

నీళ్ళబొట్టు · సోమవారం ఉదయం 6:50

కవర్ ఎవరు లాగుతారు అన్నది ఏ సూత్రంలోనూ లేదు. మా దగ్గర కొన్నారు. వారం రోజులు వేశారు. తర్వాత చుట్టి పంప్ రూమ్‌లో పడేశారు, ఎలుకలు కొరికాయి.

మియాపూర్_ఫెసిలిటీ · సోమవారం ఉదయం 8:05

అక్కా, రోలర్ లేకుండా కొంటే అంతే. తడి కవర్ బరువు ఒక్క మనిషి వల్ల కాదు. చివర చక్రాల స్టాండు మీద రోలర్ పెడితే పూల్ బాయ్ ఒక్కడే అయిదు నిమిషాల్లో చుట్టేస్తాడు. 400 మైక్రాన్ల కంటే పల్చటిది తీసుకోవద్దు, బుడగలు నీళ్ళవైపు ఉండాలి. ఒక్క విషయం రిజిస్టర్‌లో రాసి పెట్టండి. సగం కవర్ తీసి పిల్లల్ని దింపొద్దు. కింద చిక్కుకుంటే పైనుంచి కనిపించరు.

సి_బ్లాక్_ట్రెజరర్ · సోమవారం ఉదయం 9:30

రోలర్ కూడా కోట్‌లో వేయిస్తాను. ఖర్చు విషయానికి వస్తే? యూనిట్ పది రూపాయలు అనుకుందాం.

ప్లాంట్‌రూమ్ · సోమవారం ఉదయం 11:00

రాత్రి కవర్‌తో రోజుకు 190 యూనిట్ల వేడి. ఎలక్ట్రిక్ హీటర్ అయితే 190 యూనిట్ల కరెంటు, రోజుకు 1,900 రూపాయలు. పైగా 48 కిలోవాట్లంటే ఫేజుకి 67 ఆంపియర్లు. శాంక్షన్డ్ లోడు పెంచుకోవాలి, మీ ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చూసుకోవాలి. హీట్ పంపు గాలిలోని వేడిని నీళ్ళలోకి తోస్తుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుకి దాదాపు అయిదు యూనిట్ల వేడి ఇస్తుంది. 38 యూనిట్లు, 380 రూపాయలు. గ్యాస్ బాయిలర్ పెడితే రోజుకు 17 కిలోల పైనే, అంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ దాదాపు రోజుకొకటి.

బ్రోచర్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే కిలోవాట్లు సాధారణంగా గాలి 26 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పటివి. జనవరి రాత్రి హైదరాబాద్ అలా ఉండదు. కింద చిన్న అక్షరాల్లో గాలి 15 డిగ్రీల దగ్గర ఎంతో ఉంటుంది, 17 అన్న మిషన్ అక్కడ 12, 13 ఇస్తుంది. అయితే మనకో సౌకర్యం ఉంది. పగలు 28 డిగ్రీలు. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నడిపి, రాత్రి కవర్ వేసి ఆపేయండి. 72 వేల లీటర్ల నీళ్ళే మీ బ్యాటరీ.

సోలార్_పిచ్చోడు · సోమవారం సాయంత్రం 6:20

ఇంత చర్చ జరిగింది, ఒక్కరూ సోలార్ అనలేదు! టెర్రస్ మీద గ్లాసు లేని నల్ల ప్లాస్టిక్ ప్యానెళ్ళు 40 చదరపు మీటర్లు పరిస్తే, పడే ఎండలో సగం దక్కినా రోజుకు వంద యూనిట్లు. పూల్ నీళ్ళు నేరుగా వాటిలోంచే తిరుగుతాయి.

సి_బ్లాక్_ట్రెజరర్ · సోమవారం సాయంత్రం 7:00

టెర్రస్ మీద షటిల్ కోర్టు ఉంది అన్నా. దాన్ని ముట్టుకుంటే నన్ను ఎలక్షన్లో ఓడిస్తారు.

సోలార్_పిచ్చోడు · సోమవారం సాయంత్రం 7:12

అయితే వాటర్ ట్యాంకు మీద, లిఫ్ట్ రూమ్ మీద కరెంటు ప్యానెళ్ళు పెట్టండి. పది కిలోవాట్లు పెడితే రోజుకు 40 యూనిట్లు వస్తాయి, హీట్ పంపుకి సరిపోతుంది. పగలే నడుపుతారు కాబట్టి లెక్క కూడా కుదిరింది. మిగతా నెలల్లో కామన్ ఏరియా బిల్లు తగ్గుతుంది.

మియాపూర్_ఫెసిలిటీ · సోమవారం రాత్రి 8:40

మిషన్ ఎక్కడ పెడతారో చూసుకోండి అన్నా. ఒక చోట చప్పుడు వస్తుందని సెల్లార్‌లో పెట్టారు. అది వదిలిన చల్లగాలినే మళ్ళీ పీలుస్తూ వేడి ఇవ్వడం మానేసింది. పూల్ హాల్లోనూ వద్దు. హాలు గాలి ఇంకా చల్లబడుతుంది, కాయిల్ క్లోరిన్‌కి పాడవుతుంది. ఆరుబయట, గాలి ఆడే చోట పెట్టాలి. ఎక్స్చేంజర్ (మిషన్‌లో నీళ్ళకి వేడి అందించే భాగం) టైటానియంది అడగండి. క్లోరిన్ డోసింగ్ పైపు హీటర్ తర్వాత కలవాలి, ముందు కాదు. బోరు నీళ్ళు పోస్తే మన దగ్గర సున్నం పేరుకుంటుంది, బైపాస్ వాల్వు ఉంటే పూల్ ఆపకుండా కడగొచ్చు.

సి_బ్లాక్_ట్రెజరర్ · శుక్రవారం రాత్రి 9:15

అప్‌డేట్. బకెట్‌లో గీత దాదాపు కదల్లేదు, పూల్‌లో ముప్పావు అంగుళం దిగింది. ఫిల్టర్ ఆపినా అంతే. నీటి లోపల ఉండే లైటు వెనక పైపు దగ్గర రంగు నీళ్ళు వదిలి చూస్తే లోపలికి లాగేస్తోంది. ఎపాక్సీతో మూయిస్తున్నాం. పార్కింగ్‌లో బి-14 కారు మీద తెల్లమరకలు ఎందుకు పడుతున్నాయో కూడా తేలింది, ఆ ఓనర్ బిల్డర్‌తో గొడవ పడుతున్నారు పాపం.

17 చెప్పినాయనకి ఫోన్ చేసి, గాలి 15 డిగ్రీలప్పుడు ఎంత ఇస్తుందో రాసివ్వమన్నాను. 12.5 అని పంపారు, దాని పై సైజు మోడల్ 16 ఇస్తుందట. 35 చెప్పినాయన అదే ప్రశ్నకి ఇంకా జవాబు ఇవ్వలేదు. పై సైజు మోడల్, రోలర్, కవర్ కలిపి కమిటీ ముందు పెడుతున్నాను. ఒక్క పేచీ ఉంది, సీనియర్ సిటిజన్లు 31 అడుగుతున్నారు.

ప్లాంట్‌రూమ్ · శుక్రవారం రాత్రి 10:00

పోటీల పూల్‌లో నీళ్ళు 25 నుంచి 28 ఉంటే చాలు. చిన్నపిల్లలకి, మోకాళ్ళ నొప్పుల వాళ్ళకి మాత్రం 30 పైన కావాలి. ఈ ఇద్దరినీ ఒకే పూల్‌లో తృప్తిపరచలేరు. ఒక్క డిగ్రీ పెంచితే నష్టం పదో వంతు పెరుగుతుంది. 29 దగ్గర పెట్టి, పెద్దవాళ్ళ ఆక్వా క్లాసుని (నీళ్ళలో చేసే వ్యాయామం) సాయంత్రం అయిదుకి మార్చండి. అప్పటికి మిషన్ పగలంతా నడిచి ఉంటుంది, బయటికి వచ్చినా గాలి వెచ్చగా ఉంటుంది. పొద్దున ఆరింటికి 20 డిగ్రీల గాలిలోకి తడి ఒంటితో వస్తే నీళ్ళు 31 ఉన్నా వణుకే.

కొంపల్లి_కొత్తసభ్యుడు · శనివారం ఉదయం 8:20

సార్, మాది 25 మీటర్ల పూల్, ఎనిమిది లేన్లు. ఎన్ని కిలోవాట్లు కావాలో చెప్పగలరా?

మియాపూర్_ఫెసిలిటీ · శనివారం ఉదయం 8:31

తమ్ముడూ, కొత్త థ్రెడ్ తెరువు. వెడల్పు, కవర్ ఉందా లేదా, కింద ఏముంది, ఈ మూడూ రాయి. బకెట్ టెస్ట్ చేశాకే రాయి.